రెండు తలుపుల మధ్య

కొత్త కార్డు మిషన్లోంచి వెచ్చవెచ్చగా బయటికొస్తుంటే కార్డులమ్మ అంచు పట్టుకుని ఊదుతోంది. ఎదురు కుర్చీలో కూర్చున్న అకౌంట్స్ అమ్మాయి అందులోని తన ఫొటో చూసి మొహం ముడుచుకుంది. ఆ గదిలో ఫొటో దిగి సంతోషపడి వెళ్ళినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"ఫొటో ఎలా ఉంటే ఏమ్మా, తలుపు తెరుచుకుంటే చాలదూ," అంది కార్డులమ్మ. రోజూ అనే మాటే. అమ్మాయి నవ్వేసి, కార్డు మెళ్ళో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ భవనంలో ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతని నుంచి పై అంతస్తు డైరెక్టరుగారి దాకా అందరికీ ఆమె కార్డులమ్మే. కింది అంతస్తులో, లిఫ్టుల వెనక, కిటికీ లేని గది ఆమెది. ఒక కంప్యూటరు, ఒక కెమెరా, కార్డులు అచ్చేసే మిషను, ఫొటోలకి గోడ మీద తెల్లగుడ్డ, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఆ కుర్చీ. భవనంలో ఎవరు ఏ తలుపు తెరవొచ్చో, ఏది తెరవకూడదో తేలేది అక్కడే. ఇంత పెత్తనం చేతిలో పెట్టుకుని కూడా ఆమె ఏనాడూ ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఆమె గది తలుపు మాత్రం పొద్దుట నుంచి సాయంత్రం దాకా బార్లా తీసే ఉంటుంది.

ఆ రోజు అసలు పని కార్డులు కావు, గడి. సాఫ్ట్‌వేరులో ఒక్కో మనిషికీ ఒక్కో ఫారం ఉంటుంది. పేరు, ఫొటో, విభాగం, ఫోను నంబరు అనే గడులు అందులో ముందే ఉంటాయి. ఇంకేమైనా కావాలంటే కొత్త గడి తయారుచేసుకుని చేర్చుకోవాలి. బండి నంబరు గడి ఆమె చేసిందే. రక్తం గ్రూపు గడీ ఆమె చేసిందే. చూసేవాళ్ళకి చిటికెలో పని. చేసేవాళ్ళకి తెలుస్తుంది అందులోని తిరకాసు. ఆ గడిలో పడాల్సింది అక్షరాలా, అంకెలా, తేదీయా అన్నది ముందే చెప్పాలి. ఖాళీగా వదిలెయ్యొచ్చా, కూడదా చెప్పాలి. ఏ విభాగం వాళ్ళకి వర్తిస్తుందో చెప్పాలి. తొలిరోజుల్లో రక్తం గ్రూపు గడిని ఏదైనా రాసుకునేలా వదిలేస్తే, ఒకాయన అందులో 'మంచిదే' అని రాసి పంపాడు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఒంటరిగా కూర్చుని నవ్వుకుంటుంది.

ఇవాళ్టి గడి మాత్రం నవ్వొచ్చేది కాదు. నిన్న సాయంత్రం సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడే చెప్పిపోయాడు. ఆమెకంటే చాలా చిన్నవాడు. మంచివాడే గానీ ఎక్కడా కుదురుగా నిలబడడు, నీళ్ళు కూడా నడుస్తూనే తాగుతాడు.

"అక్కా, ఇన్సూరెన్స్ వాళ్ళు పట్టుకున్నారు. ఎక్కడో ఓ బిల్డింగు టెర్రస్ మీద పనిచేసే మనిషి కళ్ళు తిరిగి పడిపోయాట్ట. ఇకమీదట టెర్రస్‌కి వెళ్ళేవాళ్ళందరికీ డాక్టరు కాగితం ఉండాలంట. ఆ కాగితం తేదీకి ఓ ఫీల్డు పెట్టు. తేదీ లేకపోతే తలుపు తెరుచుకోకూడదు. రేపు సాయంత్రానికి అయిపోవాలక్కా."

సరే అంది ఆమె. అని, ఇంటికెళ్ళి, అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీసింది. ఎందుకంటే టెర్రస్‌కి వెళ్ళే నలుగురైదుగురిలో ఒకాయన ఆమె భర్త.

ఆయన్ని భవనంలో అందరూ నీళ్ళాయన అంటారు. టెర్రస్ మీది ట్యాంకులు, వాటి పంపులు, గోడల్లోంచి దిగే పైపులు ఆయన లోకం. ఈమధ్య ఆయనకి ఆయాసం వస్తోంది. మెట్లెక్కితే చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. ఎవరైనా చూస్తే ఆ చెయ్యే జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు నటిస్తుంది. ఏమైందంటే గ్యాస్ అంటాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే రేపంటాడు. డాక్టరు ఏమంటాడో ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. పైకెక్కొద్దంటాడు. పైకెక్కకపోతే ఆయనకి ఇక్కడ పని లేదు. ఉన్న పని కాస్తా పోతే ఆ మనిషి ఏమైపోతాడో అని ఆమె బెంగ. ఎక్కుతూనే ఉంటే ఏమైపోతాడో అన్నది అంతకంటే పెద్ద బెంగ. ఈ రెండింటి మధ్యా ఎటూ తేల్చుకోకుండా నెట్టుకొస్తుంటే, ఇప్పుడు ఆ తేల్చే గడిని ఆమె చేత్తోనే చెయ్యమన్నారు.

ఆ కార్డుల గది ఒకప్పుడు భవనానికి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి. ఆమె పెళ్ళికాని పిల్లగా ఉన్నప్పుడు చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, బోర్డులో తీగలు గుచ్చుతూ, "లైన్లో ఉండండి, కలుపుతున్నా" అని రోజంతా అంటూ కూర్చునేది. బోర్డుకి సరిగ్గా పైన సీలింగులో ఒక పైపు కారేది. దాన్ని బాగుచెయ్యడానికి వచ్చాడు ఆయన. నిచ్చెనెక్కి, బిగించి, దిగి, చేతులు తుడుచుకుని వెళ్ళాడు. నాలుగు రోజులకి మళ్ళీ కారింది. మళ్ళీ వచ్చాడు. అలా ఆ పైపు వాళ్ళ పెళ్ళయ్యేదాకా కారుతూనే ఉంది. పెళ్ళయ్యాక ఒక్క చుక్క కారితే ఒట్టు. ఎలాగని అడిగితే, "అప్పటికి పని నేర్చుకున్నాలే," అంటాడు గానీ, అసలు సంగతి ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

తర్వాత ఎక్స్‌ఛేంజి తీసేశారు. తోటివాళ్ళు తలో దారీ పట్టారు. ఆమెని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి కార్డుల పని నేర్చుకోమన్నారు. మొదటి వారమంతా బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చునేది. నేర్చుకుంది. కూతురు బడి అయ్యాక ఈ గదికే వచ్చి, ఆ కుర్చీలోనే కాళ్ళు ముడుచుకుని హోంవర్కు చేసుకునేది. ఇప్పుడా పిల్లకి ఓ పిల్ల. ఊరికి ఆ చివర కాపురం, ఆదివారాలు వచ్చి తల్లినీ తండ్రినీ సమానంగా కేకలేసి వెళుతుంది.

ఆమె కంప్యూటరు తెర మీద ఓ పక్కగా వరసలు కదులుతుంటాయి. భవనంలో ఎవరు ఎక్కడ కార్డు పెట్టినా, ఆ మనిషి పేరూ ఆ తలుపు పేరూ కలిసి ఒక వరసగా పైన పడి, కిందికి జారిపోతుంది. కొత్తవాళ్ళకి అది చీమలబారులా కనిపిస్తుంది. ఆమె మాత్రం అందులో ఒక్క పేరు ఎప్పుడొచ్చినా పట్టేస్తుంది. పంపు గది. వెనక వరండా. పై అంతస్తు మెట్ల తలుపు. టెర్రస్ తలుపు. మొగుడూ పెళ్ళాం ఒకే చోట పనిచేస్తే మొహం మొత్తుతుంది అంటారు చాలామంది. ఆమెకి మొత్తలేదు. రోజంతా ఆయన ఆ వరసల్లో తిరుగుతూ ఉంటే, ఆమెకి ఇంట్లో పక్కగదిలో అలికిడి వింటున్నట్టు ఉండేది.

లిఫ్టు పై అంతస్తు దాకానే వెళుతుంది. అక్కణ్ణుంచి టెర్రస్‌కి మెట్లే. కింద ఒక తలుపు, పైన ఒక తలుపు. ఆయన కింది తలుపు దగ్గర కార్డు పెడితే ఒక వరస, పై తలుపు దగ్గర పెడితే ఇంకో వరస. పూర్వం ఆమె టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేలోపే రెండో వరస పడిపోయేది. తర్వాత్తర్వాత ఓ గుక్క తాగాక పడేది. పోయినేడు సగం గ్లాసు. ఈమధ్య టీ మొత్తం తాగేసి, గ్లాసు కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే గానీ పడట్లేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

గడికి 'వైద్య పరీక్ష తేదీ' అని పేరు పెట్టింది. రకం దగ్గర తేదీ అని ఎంచుకుంది. 'తప్పనిసరి' అన్నచోట టిక్కు పెట్టింది. ఏ తలుపులకి అని అడిగితే, టెర్రస్ తలుపుతో పాటు కింది మెట్ల తలుపు కూడా చేర్చింది. సూపర్‌వైజరు ఆ తలుపు సంగతి చెప్పలేదు. కానీ మనిషి ఆయాసపడుతూ మెట్లన్నీ ఎక్కి వెళ్ళాక ఎర్రలైటు చూపించడం పాపం కాదూ, ఆపేదేదో మొదట్లోనే ఆపాలి అనుకుంది. మిగిలింది ఏ విభాగానికి అన్న ప్రశ్న. అక్కడ సాఫ్ట్‌వేరు తనంతట తనే 'అందరూ, అన్ని తలుపులు' అని పెట్టి చూపిస్తుంది. దాన్ని తీసి 'నిర్వహణ సిబ్బంది' అని మార్చుకోవాలి, లేకపోతే పైన ఎంచుకున్న తలుపుల లెక్క కూడా చెల్లదు.

సరిగ్గా అప్పుడే పక్కన వరస పడింది. నీళ్ళాయన, మెట్ల తలుపు.

ఆమె చెయ్యి టీ గ్లాసు మీదికి పోయింది. కళ్ళు వరసల మీదే ఉన్నాయి. తాగింది. అయిపోయింది. గ్లాసు కింద పెట్టింది. వరస పడలేదు. ఎవరెవరో ఎక్కడెక్కడో తలుపులు తీసుకుంటున్నారు. చివరికి టెర్రస్ తలుపు పడ్డాక ఒక నిట్టూర్పు విడిచి, ఫారం వైపు తిరిగి, సేవ్ నొక్కేసింది. విభాగం మార్చలేదన్న ధ్యాసే లేదు.

ఆ మార్పు తలుపులన్నిటికీ చేరడానికి కాస్త సమయం పడుతుంది. చేరేసరికి జనం భోజనాలకి బయటికెళ్ళి ఉన్నారు. తిరిగొచ్చేసరికి ఏ కార్డు పెట్టినా ఎర్రలైటే. గేటు దగ్గర మొదట నవ్వులు వినిపించాయి, తర్వాత విసుర్లు, తర్వాత అరుపులు. డైరెక్టరుగారు సైతం కార్డు తిరగేసి మరగేసి పెట్టి చూసి, ఎండలో నిలబడ్డారు. సెక్యూరిటీ అతను రెండు చేతులూ జోడించి అందరికీ దండాలు పెడుతున్నాడు. సూపర్‌వైజరు కార్డుల గదిలోకి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా! కొంప మునిగింది! ఏం చేశావ్?"

ఆమె తెర చూసింది. 'అందరూ.' ఇన్నేళ్ళలో ఇంత తప్పు ఎప్పుడూ చేయలేదు. "విభాగం మార్చడం మర్చిపోయానయ్యా. భవనంలో ఎవ్వరికీ డాక్టరు తేదీ లేదుగా, అందుకని అందర్నీ ఆపేసింది. ఉండు, సరిచేస్తా."

"సరిచేసింది తలుపులకి చేరేదాకా ఎవరాగుతారక్కా! తేదీలైతే వెంటనే పడతాయి. అందరికీ ఇవాళ్టి తేదీ పడెయ్. ముందు గేటు తెరుచుకోనీ."

పడేసింది. ఒక్క నొక్కుతో భవనమంతా సంపూర్ణ ఆరోగ్యవంతులైపోయారు. షుగరున్న డైరెక్టరుగారు, నడుంనొప్పి సెక్యూరిటీ అతను, రేపో మాపో ప్రసవించబోయే క్యాషియరు, ఎవరికీ ఏ లోపమూ లేదని సాఫ్ట్‌వేరు ఒప్పుకుంది. గేటు దగ్గర పచ్చలైట్లు వెలిగాయి. ఆ మందలో నీళ్ళాయన కూడా ఆరోగ్యవంతుడైపోయాడు.

హడావుడి సద్దుమణిగాక ఆయన భోజనానికి కిందికి దిగాడు. రోజూ ఇద్దరూ ఆ గదిలోనే తింటారు, కీబోర్డు పక్కకి జరిపి. మనిషి బక్కపలచన, చెవుల మీద తెల్లవెంట్రుకలు, గోళ్ళలో ఎప్పటికీ పోని నలుపు. ఫొటోల కుర్చీలో కూర్చుని డబ్బా మూత తీశాడు.

"ఏమోయ్, డైరెక్టరుగార్ని ఎండలో నిలబెట్టావట. పైనుంచి చూశాను. మహా ముచ్చటగా ఉంది."

"మీకు నవ్వులాటగా ఉంది. నాకు ప్రాణం పోయినంత పనైంది."

"పోన్లే, ఫీజు లేకుండా నాకూ డాక్టరు కాగితం ఇచ్చేశావ్." ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కానీ కళ్ళు ఆమె మొహం మీద ఉన్నాయి. "అది అలాగే ఉండనీ."

ఆమె ఆయన డబ్బా వైపు చూసింది. అన్నం సగానికి సగం మిగిల్చి, ఒక పక్కకి నొక్కి, తక్కువ మిగిలినట్టు కనిపించేలా సర్దాడు. ఇలా సర్దడం కూతురు చిన్నప్పుడు చేసేది, ఆయన పట్టుకుని కేకలేసేవాడు.

"డాక్టరు దగ్గరికి పోదామండీ. ఇవాళే. నేనూ వస్తాను."

"ఇవాళ పెద్ద ట్యాంకు కడగాలి."

"ట్యాంకు రేపు కడుక్కోవచ్చు."

"రేపే పోదాంలే డాక్టరు దగ్గరికి," అని లేచాడు ఆయన. గుమ్మం దగ్గర ఆగి, తిరగకుండానే అన్నాడు, "అక్కడ నాకు తెలిసిన పనుందోయ్. కింద నేనేం చెయ్యను చెప్పు?"

ఆమె ఆయన వదిలేసిన డబ్బాకి మూత పెట్టింది.

మధ్యాహ్నం కూర్చుని తప్పు సరిచేసింది. విభాగం మార్చింది. అందరికీ పడేసిన తేదీ వెనక్కి తీసేసింది. నిర్వహణ సిబ్బందివి మాత్రం ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఎలక్ట్రీషియను కాగితం తెచ్చిచ్చాడు. రెండో షిఫ్టు పంపులతను ఇంటి నుంచే ఫోన్లో పంపించాడు. ఏసీల మనిషి తెచ్చిచ్చాడు. అసలు తేదీలు వేసింది. ఆఖర్న ఒక్క ఫారం మిగిలింది. అందులో ఇవాళ్టి తేదీ, దాని వెనక ఏ కాగితమూ లేని తేదీ, నిక్షేపంలా కూర్చుని ఉంది.

సూపర్‌వైజరు తొంగిచూశాడు. ఏ ఫారం తెరిచి ఉందో గమనించాడు. ఆ పిల్లాడు ఆ రోజు మొదటిసారి నిలకడగా నిలబడ్డాడు.

"నీళ్ళాయనది అలా వదిలెయ్ అక్కా. ఆయన రిటైర్మెంటు ఎంతో దూరం లేదుగా. పెద్దాయన. ఎవరడగొచ్చారు? నేనైతే అడగను."

ప్రేమతోనే అన్నాడు. అందరూ ప్రేమతోనే ఉన్నారు. ఆయన అలాగే ఉండనీ అన్నాడు, ఈ పిల్లాడు వదిలెయ్ అన్నాడు, సాఫ్ట్‌వేరు సరేనంది. ఒప్పుకోవాల్సింది తనొక్కతే. ఒప్పేసుకుంటే ఇవాళ ఇంటికి ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళొచ్చు.

వరస పడింది. నీళ్ళాయన, మెట్ల తలుపు.

ఆమెకి టీ తాగబుద్ధి కాలేదు. గ్లాసు ముందు పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. ముడతపడింది. వరసలు వస్తూనే ఉన్నాయి, ఎవరివెవరివో. ఆమె కుర్చీలోంచి లేచింది. ఫోను ఎత్తింది. ఎవరికి చెయ్యాలి? మెట్లలో ఫోను లేదు. పెట్టేసింది. లిఫ్టు దాకా వెళ్ళి, తన కార్డుకి ఆ తలుపు తెరుచుకోదని గుర్తొచ్చి, వెనక్కొచ్చింది. భవనంలో అందరికీ తలుపులు పంచిపెట్టిన మనిషి, మొగుడున్న చోటికి వెళ్ళే తలుపు తనకి ఇచ్చుకోలేదు. పని లేదుగా అనుకుంది ఇన్నాళ్ళూ. దేవుడా, ఈ ఒక్కసారికి, అనుకుంది.

టెర్రస్ తలుపు.

ఆ వరస జారిపోయేదాకా నిలబడే చూసింది. తర్వాత కూర్చుంది. ఆయన ఫారంలో ఆ తేదీ మీద మౌస్ పెట్టి, తీసేసింది. ఖాళీ గడి చుట్టూ ఎర్రగీత వచ్చింది. రెండో షిఫ్టు అతనికి ఫోను చేసి, కాస్త ముందుగా రమ్మని, పెద్ద ట్యాంకు పంపు చూసుకోమని చెప్పింది. నీళ్ళాయన కిందికి దిగి పంపు గది తలుపు తీసిన వరస చూసుకున్నాకే సేవ్ నొక్కింది. ఆయన పైనుండగా నొక్కడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం ఫోను మోగింది. పై అంతస్తు వరండాలోంచి.

"ఏమోయ్, మెట్ల తలుపు ఎర్రలైటు చూపిస్తోంది. మళ్ళీ ఏదో కెలికినట్టున్నావ్."

"కెలకలేదండీ. మీ తేదీ తీసేశాను."

అవతల చప్పుడు లేదు. ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన చెవి ఆమెది. లైను తెగిపోవడానికీ మనిషి మాట్లాడకపోవడానికీ తేడా తెలుసు. మనిషి ఉన్నాడు. ఊపిరి వినిపిస్తోంది, మామూలుగా వినిపించాల్సినదాని కంటే ఎక్కువగా.

"అందరిదీనా?"

"మీ ఒక్కరిదే."

"ట్యాంకు పొర్లిపోతుంది."

"అతను వచ్చేశాడు. చూసుకుంటాడు."

"పెళ్ళామే తలుపేసిందని నవ్వుతారు అందరూ."

"నవ్వనివ్వండి." ఆమె రిసీవరు రెండో చెవికి మార్చుకుంది. "మీరు కిందికి రండి. లిఫ్టులో రండి."

వచ్చాడు. ఫొటోల కుర్చీలో కూలబడ్డాడు. ఆమె కంప్యూటరు ఆపి, సంచి సర్దుకుని, ఆయన ఎదురుగా నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"తెర మీద కనిపిస్తుందండీ. కింది తలుపు తీశాక పైది తియ్యడానికి మీకు ఎంతసేపు పడుతోందో."

"అంటే రోజూ చూస్తున్నావా?"

"పెళ్ళయినప్పట్నుంచీ ఇంకేం చూశాను చెప్పండి."

ఆయన తలెత్తాడు. కోపం తెచ్చుకోబోయాడు. అది రాలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. "భయమేస్తోందోయ్," అన్నాడు, చిన్నగా, ఆ మాట అనడం బొత్తిగా అలవాటు లేనట్టు.

"నాకూ," అంది ఆమె. "పదండి."

డాక్టరు ఆయన ఛాతీకి తీగలు తగిలించి తీసిన కాగితాన్ని వెలుగులో పెట్టి చూసి, ఇవాళ ఇంటికి పంపను అన్నాడు. ఇంకొన్నాళ్ళు మెట్లెక్కి ఉంటే ఏదో ఒక రోజు ఎక్కుతూనే ఆగిపోయేవాడట. ఆపరేషను అయింది. ఆయన బతికి బట్టకట్టాడు. కానీ మళ్ళీ ఆ భవనానికి రాలేదు. కూతురొచ్చి ఇద్దర్నీ కేకలేసి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఇప్పుడాయన ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, ఎదురింటి ట్యాంకు పొర్లుతుంటే ఆగలేక, ఇక్కణ్ణుంచే వాళ్ళని కేకేసి పంపు ఆపిస్తున్నాడు. పనిలేని కోపం కొన్నాళ్ళు ఆమె మీద చూపించాడు. మాట్లాడకుండా అన్నం తినేవాడు. తినేవాడు మాత్రం పూర్తిగా.

ఒక మధ్యాహ్నం ఆమె ఆయన కార్డు రద్దు చేసింది. ఆ పని వేరేవాళ్ళకి చెప్పబుద్ధి కాలేదు. ఆ తర్వాత తెర పక్కన వరసలు మామూలుగానే కదిలాయి. ఆమె ఎందుకో కాసేపటికి ఆ పక్కభాగం మూసేసి పనిచేసుకుంది.

ఆయన వస్తువులు పైన ఉండిపోయాయి. తెచ్చిపెడతామని రెండో షిఫ్టు అతను అన్నా, ఆమె వద్దంది. తన కార్డుకి ఆ రెండు తలుపులూ కలుపుకోబోతే గడి అడ్డొచ్చింది. తన గడే. వైద్య పరీక్ష తేదీ, తప్పనిసరి. సూపర్‌వైజరు, "ఏదో ఒకటి పడెయ్ అక్కా" అన్నాడు. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకుని, కాగితం తెచ్చుకుని, అసలు తేదీ వేసుకుంది.

మెట్ల తలుపు పచ్చగా వెలిగి తెరుచుకుంది. లోపల సిమెంటు వాసన, ఎక్కడో నీళ్ళు దిగుతున్న చప్పుడు. కమ్మీ పట్టుకుని ఎక్కింది. మెట్లు మలుపు తిరిగేచోట ఆగిపోయింది.

అక్కడ గోడవారగా ఒక పొట్టి చెక్క స్టూలు ఉంది. పాత పలకలు కోసి, మేకులు కొట్టి, సొంతంగా చేసుకున్నది. ఒక కాలు పొట్టైతే దాని కింద రబ్బరు ముక్క అతికించి ఉంది. ఆయన పనితనమే. స్టూలుకి పైన, కూర్చున్న మనిషి లేవడానికి చెయ్యి ఆన్చేచోట, గోడ సున్నం మీద నల్లగా అరచేతి మరక. ఒక్కసారికి పడ్డ మరక కాదు, రోజూ పడి పడి ఆ మేర నున్నగా అయిపోయింది.

ఆమె అంతసేపూ టీ తాగుతూ ఎదురుచూసింది, ఆయన ఇక్కడ కూర్చుని ఉండగా. ఎవరూ చూడని చోట, పైకీ కాకుండా కిందికీ కాకుండా. "ఒక్క మాట చెప్పొచ్చుగా," అంది పైకే. మెట్లలో ఆ మాట కాస్త తిరిగి ఆగిపోయింది. అక్కడే నిలబడి తనివితీరా ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని పైకెళ్ళి, ఆయన పనిముట్ల సంచీ, చెప్పులు, కొక్కేనికి వేలాడుతున్న పాత చొక్కా తీసుకుని దిగివచ్చింది.

చేతులు నిండిపోయాయి గానీ, ఖాళీగా ఉన్నా ఆమె ఆ స్టూలుని కదిలించేది కాదు. మలుపులో అది అలాగే ఉంది, దాని మీద నాలుగు మడతలు వేసిన గోనెగుడ్డ, మధ్యలో నొక్కుకుపోయి.